పదో తారీఖు హడావుడికి పాతిక లైన్ల జవాబు

ఎక్సెల్లో పేరు చూసి, మెయిల్లో అతికించి, పంపి, మళ్లీ ఎక్సెల్‌కి రావడం... మన ఆఫీసుల్లో ఎందరికో రోజులో సగం ఇలాగే కరిగిపోతోంది. ఈ చాకిరీని కంప్యూటరుకే అప్పజెప్పే విద్యను ఇప్పుడు ఎవరైనా నేర్చుకోవచ్చు. ప్రోగ్రామర్ల కన్నా ముందు, ఆ పని తెలిసినవాళ్లే నేర్చుకోవాలి.

జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, నెలలో ఎనిమిది నుంచి పదకొండో తారీఖు దాకా అక్కడ పరిస్థితి ఒకటే. పదకొండున జీఎస్టీఆర్‌-1 గడువు. కిరాణా హోల్‌సేల్, సిమెంటు డీలరు, మందుల ఏజెన్సీ, టైల్స్ షోరూము... వంద మందికి పైగా క్లయింట్లు. వాళ్లు అమ్మకాల బిల్లులు పంపితే తప్ప రిటర్ను కదలదు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, నిల్ రిటర్నుకైతే 20. ఆ డబ్బు క్లయింటు కట్టినా మాట పడేది మాత్రం ఆఫీసే.

బిల్లులు పంపనివాళ్లకు గుర్తుచేయడానికి అసిస్టెంటు ఏం చేస్తారో పక్కన కూర్చుని చూడండి. ఎక్సెల్ షీటులో పేరు చూస్తారు. మెయిల్లోకి వెళ్లి గత నెల పంపిన ఉత్తరం వెతికి కాపీ చేస్తారు. నెల పేరు మారుస్తారు, షాపు పేరు మారుస్తారు, జీఎస్టీ నంబరు మారుస్తారు, పంపుతారు. షీటుకి తిరిగొచ్చి ‘మెయిల్ పెట్టాం’ అని టైపు చేసి, తర్వాతి వరుసకు వెళ్తారు. నలభయ్యో పేరు దగ్గరికొచ్చేసరికి కళ్లు మొరాయిస్తాయి. షాపు పేరు మార్చి నంబరు మార్చడం మర్చిపోతారు. సిమెంటు డీలరు నంబరుతో మందుల ఏజెన్సీకి ఉత్తరం వెళ్లిపోతుంది. ‘ఏమండీ, మా లెక్కలు కూడా ఇలాగే ఇంకెవరికో పంపుతున్నారా?’ అని అటునుంచి ఫోను.

తప్పు ఆ అసిస్టెంటుది కాదు. ఒకే పనిని వందసార్లు అక్షరం తేడా లేకుండా చేయడం మనిషి వల్ల కాదు. యంత్రానికి అదే తేలిక. ‘ఈ నెల సరుకు కొంత వాపసు వచ్చింది, క్రెడిట్ నోటు ఎలా చూపించాలి?’ అని క్లయింటు అడిగితే జవాబు చెప్పడానికి మాత్రం మనిషే కావాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, జవాబు చెప్పగలిగిన మనిషి కాపీ-పేస్టులో మునిగిపోయి ఫోనెత్తే తీరిక లేకుండా ఉన్నారు. అది నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే ఈ కథనం.

షీటులోంచే మెయిల్

ముందుగా, ఇది ఎంత చిన్న పనో చూద్దాం. ఆఫీసు జాబితా గూగుల్ షీట్స్‌లో ఉందనుకోండి. పైన ‘ఎక్స్‌టెన్షన్స్’ మెనూ నొక్కితే ‘యాప్స్ స్క్రిప్ట్’ అని కనిపిస్తుంది. గూగుల్ 2009లో తెచ్చిన సదుపాయం ఇది. అదనంగా కొనాల్సింది ఏమీ లేదు. అందులో రాసేది జావాస్క్రిప్ట్ భాష. చేతితో చేసే పనిని ఏ వరుసలో చేస్తామో అదే వరుసలో రాసివ్వడమే స్క్రిప్టు.

షీటులో ఏడు నిలువు వరుసలు చాలు. వ్యాపారం పేరు, యజమానిని ఎలా పిలవాలి, మెయిల్ అడ్రసు, జీఎస్టీ నంబరు, రిటర్ను నెలవారీయా మూడు నెలలకోసారా, బిల్లులు వచ్చాయా, గుర్తుచేసిన తేదీ. స్క్రిప్టు మొదటి లైనులో ‘గెట్‌డేటారేంజ్’, ‘గెట్‌వ్యాల్యూస్’ అంటే షీటు మొత్తాన్ని ఒక్కసారి చదివేస్తుంది. తర్వాత ఒక్కో వరుసనూ చూస్తుంది. బిల్లులు వచ్చాయని ఉంటే వదిలేస్తుంది. ఈ నెల ఇప్పటికే గుర్తుచేసి ఉంటే వదిలేస్తుంది. మిగిలినవాళ్లకు ఉత్తరం కూరుస్తుంది. ‘నమస్కారమండీ రామకృష్ణ గారూ, అక్టోబరు నెల అమ్మకాల బిల్లులు మాకింకా అందలేదు. జీఎస్టీఆర్‌-1 గడువు 11వ తేదీ. దయచేసి 8వ తేదీలోగా పంపగలరు.’ ఇందులో పేరు షీటునుంచి వస్తుంది, నెల, గడువు స్క్రిప్టే లెక్కేసి పెడుతుంది. తక్కినదంతా ఒకసారి రాసిపెట్టుకున్నదే. పాతిక లైన్లు దాటదు.

వీటన్నిటిలో ముఖ్యమైనది ఆఖరి నిలువు వరుస, ‘గుర్తుచేసిన తేదీ’. కొత్తగా రాసేవాళ్లు దీన్ని పట్టించుకోరు. స్క్రిప్టు ఒక్కసారి నడిస్తే ఆరు నిమిషాలకు మించి నడవనివ్వదు గూగుల్. మామూలు జీమెయిల్ ఖాతానుంచి స్క్రిప్టు ద్వారా రోజుకు 100 మందికే పంపనిస్తుంది, డబ్బు కట్టే ఆఫీసు ఖాతాకైతే 1,500. అంటే మధ్యలో ఆగిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆగిపోయిందని మళ్లీ నడిపితే? తేదీ రాసి లేకపోతే మొదటినుంచి అందరికీ రెండోసారి వెళ్తుంది. అందుకని ఒక్కో మెయిల్ వెళ్లగానే ఆ వరుసలో తేదీ వెంటనే పడాలి. అన్నీ పంపాక చివర్లో ఒకేసారి రాద్దామనుకుంటే మోసపోతాం. షీట్స్ వేగం కోసం రాతలన్నీ పోగేసుకుని ఒక్కసారిగా రాస్తుంది కాబట్టి, ‘ఫ్లష్’ అనే ఒక్క పదం జోడించి ‘ఇప్పుడే రాసెయ్’ అని చెప్పాలి. ఇరవై నాలుగు లైన్లు బాగా రాసి ఈ ఒక్కటీ వదిలేస్తే, క్లయింట్లకు ఒకే ఉత్తరం మూడుసార్లు వెళ్లే రోజు వస్తుంది.

ఇంకో జాగ్రత్త. మొదటి నెల ‘సెండ్‌ఈమెయిల్’ అనే ఆదేశం జోలికే వెళ్లొద్దు. దాని బదులు ‘క్రియేట్‌డ్రాఫ్ట్’ అని ఉంది. ఉత్తరాలన్నీ తయారై డ్రాఫ్ట్స్‌లో కూర్చుంటాయి. మీరు ఒక్కొక్కటీ తెరిచి చూసి, నచ్చాక పంపుతారు. టైపింగ్ శ్రమ పోయింది, పంపే అధికారం మీ దగ్గరే ఉంది. నా అభిప్రాయంలో డబ్బుకు, జరిమానాకు, ఉద్యోగానికి సంబంధించిన ఉత్తరాలకు ఎప్పటికీ ఈ పద్ధతే మంచిది. నమ్మకం కుదిరాక మామూలు రిమైండర్లను మాత్రం నేరుగా పంపేయొచ్చు. రోజూ ఉదయం తొమ్మిది, పది మధ్య తనంతట తానే నడిచేలా ‘ట్రిగ్గర్’ కూడా పెట్టొచ్చు. దానికి ముందు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ ‘కోల్‌కతా’ అని ఉందో లేదో చూసుకోండి. అక్కడ అమెరికా సమయం ఉంటే మన పదో తారీఖు ఉదయాన్ని అది ఇంకా తొమ్మిదో తారీఖనే లెక్కేస్తుంది.

జీఎస్టీ నంబరును కూడా స్క్రిప్టే సరిచూడగలదు. మొత్తం 15 అక్షరాలు ఉండాలి. మొదటి రెండు రాష్ట్రం కోడు, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది పాన్ నంబరు. 15 అక్షరాలు లేకపోయినా, అంకె ఉండాల్సిన చోట అక్షరం ఉన్నా ఆ గడి ఎర్రగా మారాలని మరో రెండు లైన్లు రాస్తే చాలు. సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం పడిందా అని కళ్లు చిట్లించుకుని చూడాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

ఇంతకీ ఈ పాతిక లైన్లలో ఏం ఉండాలో ఎవరికి తెలుసు? టర్నోవరు 5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకున్న క్లయింటుకు గడువు 11 కాదు, త్రైమాసికం ముగిశాక వచ్చే 13 అని బయటి ప్రోగ్రామరుకు తెలియదు. ఫలానా హోల్‌సేల్ యజమాని మెయిల్ చూడరని, వాళ్లబ్బాయికి పంపితేనే పని జరుగుతుందని అసలే తెలియదు. టైల్స్ షోరూము వాళ్లకు రెండుసార్లు గుర్తుచేస్తే కోపం వస్తుందన్నదీ తెలియదు. ఇవన్నీ తెలిసినది ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్న అసిస్టెంటుకు. ‘అయితే’, ‘లేకపోతే’ అనే షరతుల్లో ఈ వివరాలన్నీ పెట్టడమే స్క్రిప్టులో అసలు పని. జావాస్క్రిప్ట్ వ్యాకరణం నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. క్లయింట్ల మనస్తత్వం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. రెండోది ఉన్నవాళ్లు మొదటిది నేర్చుకోవడమే సులువైన దారి.

పేర్లతో పేచీ, అంకెలతో ఇంకా పెద్ద పేచీ

మన దగ్గర ఈ పని మొదలుపెట్టినవాళ్లకు ఎదురయ్యే మొట్టమొదటి చిక్కు పేర్లు. విదేశీ పాఠాల్లో ‘పేరులో మొదటి పదం తీసుకో, దాంతో పలకరించు’ అని ఉంటుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరమై. ‘కె. వెంకట రమణ’ను ఆ లెక్కన పలకరిస్తే ‘డియర్ కె.’ అవుతుంది. పెద్ద పెద్ద కంపెనీలనుంచి ఇలాంటి మెయిళ్లు మనందరికీ వచ్చాయి. దీనికి తెలివైన ప్రోగ్రాము అక్కర్లేదు. ‘ఎలా పిలవాలి’ అని నిలువు వరుస ఒకటి పెట్టుకుని, మనిషే ఒకసారి నింపాలి. రమణ గారు, డాక్టరు గారు, మేడమ్ గారు... ఎవరిని ఎలా పిలుస్తామో అలాగే.

రెండోది మన లిపి. తెలుగు పేర్లున్న షీటును సీఎస్‌వీ ఫైలుగా దించుకుని ఎక్సెల్లో రెండుసార్లు నొక్కి తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని చాలామంది కంగారుపడి మళ్లీ టైపు చేయిస్తారు. పాడవలేదు. ఫైలు యూటీఎఫ్‌-8 అనే అక్షర పద్ధతిలో ఉందని ఎక్సెల్‌కు తెలియలేదు, అంతే. ‘డేటా’ మెనూలోంచి ఫైలును తెచ్చుకుని అక్కడ యూటీఎఫ్‌-8 ఎంచుకుంటే అక్షరాలు చక్కగా వస్తాయి. పైథాన్ భాషతో ఫైలు తయారుచేసేవాళ్లు ఎన్‌కోడింగ్ దగ్గర ‘యూటీఎఫ్‌-8-సిగ్’ అని రాస్తే ఆ బాధే ఉండదు. యూనికోడ్‌కు ముందు అను ఫాంట్లలో టైపు చేసిన జాబితాలతో మాత్రం నిజంగానే కష్టం. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నది తెలుగు కాదు. స్క్రిప్టుకు అవి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే తక్కిన పని.

అంకెల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అక్కడ తప్పు కంటికి కనబడదు. 12 అంకెల ఆధార్ నంబరును మామూలు గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని ఒక సంఖ్య అనుకుని, మధ్యలో ‘ఇ’ అక్షరం పెట్టి కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే కుదించినదే ఫైలులోకి వెళ్తుంది, అసలు నంబరు పోతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఖాతా నంబరు ముందున్న సున్నాలు రాలిపోతాయి. మూడో నెల నాలుగో తేదీ నాలుగో నెల మూడో తేదీగా మారిపోతుంది. మందు ఒక్కటే: నంబర్ల నిలువు వరుసను టైపు చేయకముందే ‘టెక్స్ట్’గా మార్చుకోవడం.

ఇది మన అసిస్టెంట్లకే ఎదురయ్యే కష్టం అనుకోవద్దు. మనిషి జన్యువుల్లో ‘మార్చ్‌1’, ‘సెప్ట్‌2’ అనే పేర్లున్నవి ఉండేవి. శాస్త్రవేత్తలు ఎక్సెల్లో వాటిని కొట్టగానే మార్చి ఒకటి, సెప్టెంబరు రెండు అని తేదీలైపోయేవి. 2016లో ఒక పరిశోధక బృందం లెక్కతీస్తే, జన్యువుల పట్టికలను ఎక్సెల్లో జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతు వాటిలో ఈ తప్పులు దొరికాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చేసింది. అలా తనంతట తాను మార్చేయకుండా ఆపుకొనే సెట్టింగును మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత మూడేళ్లకు గానీ ఇవ్వలేదు.

నలభై ఏళ్ల నాటి కోరిక

ఆఫీసు పనిని యంత్రానికి నేర్పాలన్న కోరిక కొత్తది కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ తయారుచేశారు. ఒక గడిలో అంకె మారితే దాని మీద ఆధారపడ్డ గడులన్నీ మారే, పర్సనల్ కంప్యూటర్లకు వచ్చిన తొలి లెక్కల షీటు అది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ఒక అడుగు ముందుకేసింది. నొక్కే మీటల వరుసను ఒక గడిలో రాసిపెట్టుకుంటే, తర్వాత ఒక్క సైగతో అన్నీ వరుసగా నొక్కినట్టు జరిగిపోయేవి. ‘మ్యాక్రో’లతో గుమాస్తాలకు పరిచయం అక్కడే. 1993లో ఎక్సెల్ ఐదో వెర్షనుతో వీబీఏ వచ్చింది. ఎక్సెల్ లోపలే పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాష.

వీబీఏలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ‘రికార్డ్ మ్యాక్రో’ బటన్. అది నొక్కి, మీరు రోజూ చేసే పని ఒకసారి చేయండి. శీర్షికలు బోల్డ్ చేయడం, ఖాళీ వరుసలు తీసేయడం, మొత్తం వేయడం, ప్రింటు సైజు మార్చడం. రికార్డింగు ఆపి, ఆల్ట్, ఎఫ్‌11 మీటలు కలిపి నొక్కండి. మీరు చేసిన పనంతా భాషగా మారి కనిపిస్తుంది. ఏ లైను ఏ పనిదో మీకు తెలుసు, ఎందుకంటే చేసింది మీరే. ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాలు ‘హలో వరల్డ్’తో మొదలవుతాయి, అది ఎవరి పనీ కాదు. ఇది మీ సొంత పనితో మొదలవుతుంది. ఆఫీసులో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి గురువు నాకు తెలియదు.

పైథాన్ వైపు వెళ్లాలనుకునేవారికి ఆల్ స్వెయిగార్ట్ 2015లో రాసిన ‘ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్’ పుస్తకం ఉంది. ప్రోగ్రామర్లు కానివాళ్ల కోసమే రాశారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. కోడే వద్దనుకుంటే విండోస్ 11లో ‘పవర్ ఆటోమేట్’ ఉండనే ఉంది. అందులో పెట్టెలను లాగి వరుసలో పెట్టుకుంటే సరిపోతుంది.

పంపే చెయ్యే కొంప ముంచింది

మెయిల్ పంపే స్వేచ్ఛను స్క్రిప్టుకు ఇచ్చిన కొన్నేళ్లకే ప్రపంచం దాని ప్రమాదమూ చూసింది. 1999 మార్చి 26న ‘మెలిసా’ బయటపడింది. వర్డ్ ఫైలులో దాగిన మ్యాక్రో. ఫైలు తెరిస్తే చాలు, అవుట్‌లుక్ చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తానే పంపుకొనేది. తెలిసినవాళ్ల పేరుతో వచ్చిన మెయిల్ కాబట్టి వాళ్లూ తెరిచేవారు. పెద్ద పెద్ద కంపెనీలు మెయిల్ సర్వర్లు ఆపేసుకోవాల్సి వచ్చింది. దాన్ని వదిలిన డేవిడ్ స్మిత్‌కు అమెరికాలో 20 నెలల జైలు పడింది. మరుసటి ఏడాది మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి ‘ఐ లవ్ యూ’ వచ్చింది. 50 మందితో ఆగలేదు, పుస్తకంలో ఉన్న అందరికీ వెళ్లింది.

షీటులోంచి రిమైండరు పంపే పాతిక లైన్లకూ మెలిసాకూ పని తీరులో పెద్ద తేడా లేదు. చిరునామా తీసుకోవడం, ఉత్తరం కూర్చడం, పంపడం. అందుకే కంపెనీలు ఒక్కో తలుపూ మూసేస్తూ వచ్చాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మ్యాక్రోలు నడవకుండా 2022లో మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసింది. విండోస్‌లోంచి వీబీస్క్రిప్ట్ అనే భాషను తొలగించబోతున్నట్టు 2023లో ప్రకటించింది. కొత్త అవుట్‌లుక్‌లో వీబీఏ అసలు పనిచేయదు. జీమెయిల్ కూడా మామూలు పాస్‌వర్డ్‌తో బయటి స్క్రిప్టులను 2022 నుంచి లోపలికి రానివ్వడం లేదు. మీ ఆఫీసులో ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన మ్యాక్రో ఒక ఉదయం పనిచేయడం మానేస్తే కారణం ఇలాంటిదే కావచ్చు.

ఆ ‘ఎప్పుడో ఎవరో’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చాలా ఆఫీసుల్లో జీతాల షీటు వెనక ఒక మ్యాక్రో ఉంటుంది. రాసినాయన బదిలీ అయ్యో, రిటైరయ్యో వెళ్లిపోయి ఉంటారు. డీఏ శాతం మారినప్పుడు దాన్ని ఎక్కడ మార్చాలో ఎవరికీ తెలియదు. భయంతో ఎవరూ ముట్టుకోరు. మొత్తాలు చేత్తో సరిచేసుకుంటూ పోతారు. స్క్రిప్టు రాసిన ప్రతి ఒక్కరూ మొదటి నాలుగు లైన్లలో తెలుగులోనే రాసిపెట్టాలి: ఇది ఏం చేస్తుంది, ఎప్పుడు నడపాలి, ఏది మారితే ఎక్కడ మార్చాలి, ఆగిపోతే ఏం చేయాలి. కంప్యూటరు ఆ లైన్లను చదవదు. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చే మనిషి చదువుతారు. మారే శాతాలు, తేదీలు కోడులో పాతిపెట్టకుండా షీటులోనే ‘సెట్టింగ్స్’ అని వేరే పేజీలో ఉంచితే ఇంకా మంచిది.

లెక్క తప్పిందని చెప్పని యంత్రం

2020 అక్టోబరులో ఇంగ్లండులో జరిగింది ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. కొవిడ్ పరీక్షల ఫలితాలను ల్యాబులు ఫైళ్లుగా పంపేవి. ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థలో ఒక ఆటోమేటిక్ ఏర్పాటు ఆ ఫైళ్లను తీసుకుని ఎక్సెల్ పాత పద్ధతి ఫైళ్లలోకి నింపేది. ఆ పాత పద్ధతి ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో రోగికి చాలా వరుసలు అవసరమయ్యేవి కాబట్టి ఫైలుకు సుమారు 1,400 మందే. దాన్ని మించినవాళ్లను అది చడీచప్పుడు లేకుండా వదిలేసింది. సెప్టెంబరు 25కూ అక్టోబరు 2కూ మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను హెచ్చరించడమూ ఆలస్యమైంది. 2007 నుంచీ ఉన్న కొత్త పద్ధతి ఫైలులో పది లక్షలకు పైగా వరుసలు పడతాయి. అయినా అసలు లోపం ఫైలు పద్ధతిలో లేదు. ‘ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి’ అని ఎవరూ అడగలేదు.

చేత్తో పనిచేసే గుమాస్తా ఏదైనా తేడాగా ఉంటే ఆగి, ‘సార్, ఇదేంటో చూడండి’ అంటారు. స్క్రిప్టు అనదు, మనం అనమని చెబితే తప్ప. కాబట్టి మన పాతిక లైన్లకు మరో మూడు జోడించాలి. పని అయ్యాక మీకే ఒక మెయిల్ రావాలి: ‘మొత్తం క్లయింట్లు 142. బిల్లులు వచ్చినవాళ్లు 97. గుర్తుచేసింది 41 మందికి. మెయిల్ అడ్రసు లేనివాళ్లు 4.’ కూడితే 142 రావాలి. రాకపోతే ఆ రోజు టీ తాగేముందే కారణం వెతకాలి. ఈ జమాఖర్చు పాత కాలపు లెక్కల పుస్తకాల్లో రోజూ రాత్రి చేసిన పనే. పుస్తకం పోయినంత మాత్రాన ఆ అలవాటు పోనివ్వకూడదు.

చేత్తో చేస్తేనే భద్రం అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 2021లో బ్రిటన్ రక్షణ శాఖ, తాలిబాన్ల చేతిలో చిక్కే ప్రమాదమున్న రెండొందల మందికి పైగా అఫ్గాన్లకు ఒకే మెయిల్ పంపింది. అడ్రసులు ‘బీసీసీ’లో పెట్టాల్సింది ‘టు’లో పెట్టారు. ఎవరెవరు ఆ జాబితాలో ఉన్నారో అందరికీ తెలిసిపోయింది, కొందరి ఫొటోలతో సహా. ఆ శాఖకు 2023లో 3,50,000 పౌండ్ల జరిమానా పడింది. ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం పంపే చిన్న స్క్రిప్టు ఉండి ఉంటే ఆ తప్పుకు తావే లేదు. మన దగ్గర కాలేజీలు, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఇప్పటికీ వందలాది మందిని ‘టు’లో పెట్టి పంపుతూనే ఉన్నాయి. 2023లో మనకూ డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఈ అలవాటు మానుకోవడానికి ఇంకా ఎదురుచూడాల్సింది ఏమీ లేదు.

ఏఐ రాసిపెడుతుంది కదా?

రాసిపెడుతుంది. ‘షీటులో ఫలానా ఫలానా నిలువు వరుసలున్నాయి, బిల్లులు రానివాళ్లకు డ్రాఫ్టు తయారుచేసే యాప్స్ స్క్రిప్టు రాయి’ అని తెలుగులో అడిగినా నిమిషంలో ఇస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఇది నిజంగా పెద్ద వరం. కానీ మూడు నెలలకోసారి రిటర్ను వేసే క్లయింటు సంగతి మీరు చెప్పకపోతే దానికి తెలియదు. మధ్యలో ఆగితే ఏమవుతుందని మీరు అడగకపోతే అది పట్టించుకోకపోవచ్చు. ఇచ్చిన ప్రతి లైనూ ఏం చేస్తుందో దాన్నే అడిగి తెలుసుకోండి. అర్థం కాని లైనును నడపొద్దు. ముందు జాబితాకు నకలు తీసుకుని, అందులో అన్ని అడ్రసుల స్థానంలో మీ సొంత అడ్రసు పెట్టి పదిమందితో నడిపి చూడండి. క్లయింట్ల పేర్లు, పాన్ నంబర్లు, జీతాల వివరాలు మాత్రం ఏఐకి అతికించకండి. నిలువు వరుసల శీర్షికలు చెబితే దానికి సరిపోతుంది.

మరి ఉద్యోగాలు? ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో యంత్రాలను సిఫార్సు చేసిన రోజుల్లో ఉద్యోగ సంఘాలు కంప్యూటర్లను గట్టిగా వ్యతిరేకించాయి. వాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: మిగిలిన సమయం ఎవరిది? ఇప్పుడూ అదే ప్రశ్న. రెండు రోజుల పనిని అసిస్టెంటు సొంత తెలివితో అరగంటకు దించితే, ఆ రెండు రోజుల్లో ఇంకో వంద మంది క్లయింట్ల కాపీ-పేస్టు అప్పజెప్పే యజమానులు ఉన్నారు. అలా చేస్తే తర్వాత ఎవరూ తమకు తెలిసిన కిటుకు బయటపెట్టరు. మిగిల్చిన సమయంలో కొంత నేర్చుకోవడానికి, కొంత క్లయింటుతో తీరిగ్గా మాట్లాడటానికి, కొంత ఏడింటికి బదులు ఆరింటికే ఇంటికి వెళ్లడానికి దక్కాలి. స్క్రిప్టు రాసినవాళ్లకు జీతంలోనూ గుర్తింపు ఉండాలి. ఇది ఆఫీసులు నడిపేవాళ్లు తేల్చాల్సిన విషయం.

ఈసారి ఆఫీసుకు వెళ్లాక మీరు వారానికి మూడుసార్లకు మించి అచ్చం ఒకేలా చేసే పని ఏదో ఒక కాగితం మీద రాయండి. దాన్ని ఏ వరుసలో చేస్తారో, ఎక్కడ ఆగి ఆలోచిస్తారో కింద రాయండి. ఆలోచించే చోట్లు వదిలేసి మిగిలినదాంట్లో అన్నిటికన్నా చిన్నది ఒక్కటే తీసుకుని, జాబితా నకలు మీద, డ్రాఫ్టుల వరకే స్క్రిప్టు రాయడానికి కూర్చోండి. నడిచాక పక్క సీటులో ఉన్నవాళ్లకు కూడా చూపించండి.